పోయిన సందేశమా, ఆగిన యంత్రమా?

కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్, దాని ఆసరాతో తెర వెనుక నడిచే సేవా ప్రోగ్రాములు తమ లోపల జరిగే ముఖ్యమైన ఘటనలను, అంటే ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, డిస్కులో ఏ భాగం చదవడానికి వీలుకాలేదో, ఏ ఈమెయిలు గమ్యం చేరక వెనక్కి వచ్చిందో, ఒక్కొక్కదాన్ని ఒక చిన్న వాక్యంగా రాసిపెడుతుంటాయి. ఈ వాక్యాలనే లాగ్ సందేశాలు అంటారు. యంత్రం సవ్యంగా నడిచినంతకాలం వీటి ముఖం చూసేవారు ఉండరు గాని, ఏదైనా చెడిన రోజున, ముఖ్యంగా ఎవరో దొంగదారిన లోపలికి వచ్చారన్న అనుమానం కలిగిన రోజున, వీటిని మించిన సాక్ష్యం దొరకదు. సర్వర్లు పదుల సంఖ్యలో ఉన్నచోట ప్రతి యంత్రమూ తన సందేశాలను తన దగ్గర ఉంచుకోవడంతో సరిపెట్టక, నెట్‌వర్క్ మీదుగా ఒక కేంద్ర సర్వరుకు కూడా పంపుతుంది. చొరబడినవాడు ఆ యంత్రంలోని ఆనవాళ్లను చెరిపివేసినా కేంద్రంలోని నకలు మిగిలి ఉంటుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఇంత విలువైన సందేశం దారిలో పోకూడదనుకోవడం సహజమే. అయితే ఈ కోరికను అక్షరాలా తీర్చబోయినవారికి గడచిన నలభై ఏళ్లలో ఎదురైన అనుభవం వేరుగా ఉంది: సందేశం పోకుండా చేర్చిన ప్రతి ఏర్పాటూ తనతోపాటు చెడిపోవడానికి కొత్త చోటొకదాన్ని తెచ్చింది, కొన్నిసార్లు సందేశాన్ని కాపాడబోయి యంత్రాన్నే నిలిపివేసింది.

యునిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థల్లో ఈ పని చేసే ఏర్పాటు పేరు సిస్‌లాగ్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో 1980లలో ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ అనే ఈమెయిలు ప్రోగ్రాము అవసరం కోసం దీన్ని రాశాడు. పక్కవారికి అది సులువుగా, ఉపయోగంగా కనిపించింది. ఒక్కొక్క ప్రోగ్రామే దాన్ని వాడుకోవడం మొదలుపెట్టగా, కొన్నేళ్లకు నెట్‌వర్క్ రౌటర్లు, స్విచ్‌లు, ప్రింటర్లు కూడా అదే భాష మాట్లాడసాగాయి. ఇంత విస్తరించినా చాలాకాలం దాని నియమాలను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇంటర్నెట్ ప్రమాణాలను నమోదు చేసే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల వరుసలో 3164 సంఖ్యతో 2001 ఆగస్టులో వెలువడిన పత్రం కూడా కొత్త నియమాలను విధించినది కాదు, అప్పటికే లోకంలో నడుస్తున్న అలవాటును వర్ణించినది మాత్రమే.

ఆ వర్ణన ప్రకారం సిస్‌లాగ్ సందేశం చాలా సాదా వస్తువు. మొదట ఒక సంఖ్య ఉంటుంది. సందేశం పుట్టిన విభాగానికి ఇచ్చిన అంకెను 8తో గుణించి, తీవ్రతకు ఇచ్చిన అంకెను దానికి కూడితే ఆ సంఖ్య వస్తుంది. విభాగాలు 24, తీవ్రతలు 8. ఉదాహరణకు 34 అంటే 4ను 8తో గుణించి 2 కలిపినది, అంటే లాగిన్ వ్యవహారాలు చూసే భద్రతా విభాగం నుంచి వచ్చిన విషమ స్థాయి సందేశమని అర్థం. తరువాత తేదీ, సమయం, యంత్రం పేరు, చివర మనిషి చదువుకోగల వాక్యం. మొత్తం 1024 బైట్లకు మించకూడదు. ఈ ముక్కను యూడీపీ అనే పద్ధతిలో 514వ పోర్టుకు వదిలివేస్తే పంపినవారి పని అయిపోయినట్టే.

వదిలివేయడం అన్న మాట ఇక్కడ ఉన్నదున్నట్టు సరిపోతుంది. యూడీపీలో పంపేముందు అవతలి యంత్రంతో పరిచయం పెట్టుకోవడం ఉండదు, అందిందన్న రసీదు ఉండదు, అందకపోతే మళ్లీ పంపడం ఉండదు. దారిలో ఏ రౌటరులోనైనా రద్దీ ఎక్కువైనా, సందేశాలు వచ్చిపడే వేగాన్ని కేంద్ర సర్వరు అందుకోలేకపోయినా, మిగిలినవాటిని అక్కడికక్కడే పారవేస్తారు. ఇందులో రెండు దోషాలు కలిసి ఉన్నాయి. మొదటిది, సందేశాలు పోయే అవకాశం సరిగ్గా అవి ఎక్కువగా అవసరమయ్యే వేళలోనే పెరుగుతుంది; ఎందుకంటే ఏదో పెద్ద వైఫల్యం జరిగినప్పుడే అన్ని యంత్రాలూ ఒక్కసారిగా మొరపెట్టుకుంటాయి, ఆ మొరలే దారిని నింపివేస్తాయి. రెండవది ఇంకా చెడ్డది: పోయిన సందేశం తాను పోయినట్టు ఎక్కడా గుర్తు మిగల్చదు. కేంద్రంలోని పుస్తకాన్ని చదివేవారికి సందేశాలు కనిపించని వ్యవధిలో ఏమీ జరగలేదో, జరిగినది చేరలేదో తెలిసే దారి లేదు.

దోషాలు ఇంత స్పష్టంగా ఉన్నా ఈ పద్ధతి ఎందుకు నిలిచిందని అడిగితే, దాని గుణం కూడా ఆ దోషంలోనే ఉన్నదని చెప్పవలసి వస్తుంది. యూడీపీలో పంపేవాడు దేనికోసమూ ఆగడు. కేంద్ర సర్వరు బతికి ఉన్నా, కాలిపోయినా పంపే యంత్రం పనిలో తేడా రాదు. పైగా కొద్ది వరుసల ప్రోగ్రాముతో పని జరిగిపోతుంది కనుక అతి తక్కువ జ్ఞాపకశక్తి గల చిన్న పరికరంలో కూడా దాన్ని ఇమడ్చవచ్చు.

2001 నవంబరులోనే, అంటే పాత అలవాటును వర్ణించిన పత్రం వచ్చిన మూడు నెలలకే, ఆర్‌ఎఫ్‌సీ 3195 అనే మరో పత్రం సిస్‌లాగ్ సందేశాలను నమ్మకంగా చేరవేసే పద్ధతిని ప్రతిపాదించింది. డారెన్ న్యూ, మార్షల్ రోజ్ దాని రచయితలు. వారు దాన్ని బీప్ అనే సరికొత్త చట్రం మీద నిర్మించారు. అందులో ఒకే కనెక్షన్ లోపల అనేక వాహికలు తెరవాలి, ఏ వాహికలో ఏ పద్ధతి నడపాలో ముందుగా బేరమాడుకోవాలి, దాని పూర్తి రూపంలోనైతే సందేశాన్ని ఎక్స్‌ఎంఎల్ అనే గుర్తుల భాషలో చుట్టి పంపాలి, అవతలివారు ఒక్కొక్కదానికీ సమ్మతి తెలపాలి. విశ్వసనీయత దృష్టితో చూస్తే తప్పుపట్టవలసినది పెద్దగా లేదు. కాని కొద్ది వరుసల ప్రోగ్రాముతో జరిగే పనికి ఒక పూర్తి గ్రంథాలయమంత ప్రోగ్రామును తోడు తెచ్చుకోవలసి రావడంతో పరికరాలు తయారుచేసే సంస్థలు దాని జోలికి పోలేదు. ఎంత గొప్ప హామీ అయినా రెండు కొసల్లోనూ అమలైనప్పుడే పనికివస్తుంది. అమలు చేసేవారు దొరకని హామీ వల్ల లోకంలో ఒక్క సందేశం కూడా అదనంగా చేరదు. ఆర్‌ఎఫ్‌సీ 3195 గతి అదే అయింది.

నిర్వాహకులు మాత్రం ప్రమాణాల కోసం ఎదురుచూడకుండా తమకు తోచిన దగ్గరి దారి తొక్కారు: అదే సాదా సందేశాన్ని యూడీపీ బదులు టీసీపీ మీద పంపడం. టీసీపీ అంటే రెండు యంత్రాల మధ్య ముందుగా కనెక్షన్ ఏర్పరచి, పంపిన ప్రతి బైటుకూ క్రమసంఖ్య ఇచ్చి, అవతలి నుంచి రసీదు రాకపోతే మళ్లీ పంపి, వరుస తప్పినవాటిని సరిచేసి అందించే పద్ధతి. వెబ్ పేజీలు, ఈమెయిళ్లు దశాబ్దాలుగా దీని మీదనే నడిచాయి. ఇక్కడ మొదట ఎదురైన చిక్కు చిన్నది: యూడీపీలో ఒక్కొక్క సందేశం విడి పొట్లంగా వెళుతుంది, టీసీపీలో అన్నీ తెగని ధారగా కలిసిపోతాయి కనుక ఒక సందేశం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో తెలపాలి. కొందరు ప్రతి సందేశం చివర కొత్త వరుస గుర్తు పెట్టారు, కొందరు ముందుగా దాని పొడవును రాశారు. మొదటి పద్ధతిలో సందేశం మధ్యలోనే కొత్త వరుస గుర్తు ఉంటే అది రెండు ముక్కలవుతుంది. 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6587 ఈ రెండు అలవాట్లనూ నమోదు చేసింది గాని, ప్రమాణంగా కాదు, చారిత్రక పత్రాల వర్గంలో చేర్చి ఊరుకుంది.

అసలు చిక్కు లోతుగా ఉంది. 2004 నుంచి ఆర్‌సిస్‌లాగ్ అనే సిస్‌లాగ్ ప్రోగ్రామును అభివృద్ధి చేస్తున్న జర్మన్ ఇంజినీరు రైనర్ గెర్‌హార్డ్స్ 2008లో దీన్ని విడమరచి చూపాడు. టీసీపీ మీద పంపితే సందేశం పోదని అందరూ నమ్ముతున్నారు, అది నిజం కాదన్నది ఆయన వాదం. ప్రోగ్రాము ఒక సందేశాన్ని పంపమని కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డును, అడిగినప్పుడు కెర్నెల్ ఆ సందేశాన్ని తన సొంత జ్ఞాపకంలోని బఫర్‌లోకి, అంటే తాత్కాలిక నిల్వచోటులోకి తీసుకుని వెంటనే సరేనంటుంది. పోస్టాఫీసు కౌంటరులో ముద్ర వేసి ఇచ్చే చీటీకీ, చిరునామాదారు సంతకంతో తిరిగి వచ్చే కార్డుకూ ఎంత తేడా ఉందో, కెర్నెల్ చెప్పే సరేకూ సందేశం చేరడానికీ అంతే తేడా ఉంది. అవతలి యంత్రం హఠాత్తుగా విద్యుత్తు పోయి ఆగిపోతే, ఇవతలి కెర్నెల్ మళ్లీ మళ్లీ పంపుతూ చూస్తుంది. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం 15 సార్లు ప్రయత్నించి కనెక్షన్ తెగిందని ఒప్పుకోవడానికి సుమారు 924 సెకన్లు, అంటే పావుగంట పైన పడుతుంది. ఆలోగా బఫర్ నిండేంతవరకు ప్రోగ్రాము పంపుతూనే ఉంటుంది, ప్రతిసారీ సరే అన్న జవాబే వస్తుంది. చివరకు కనెక్షన్ తెగినట్టు తెలిసినప్పుడు బఫర్‌లో ఉన్నవన్నీ పోతాయి; వాటిలో ఎన్ని అవతలికి చేరాయో, ఎన్ని చేరలేదో ప్రోగ్రాముకు తెలియజేసే మార్గం మామూలు పద్ధతిలో లేదు. టీసీపీలో రసీదులు లేవని కాదు, ఆ రసీదులు కెర్నెల్‌కూ కెర్నెల్‌కూ మధ్య నడుస్తాయి; సిస్‌లాగ్ ప్రోగ్రాముకూ సిస్‌లాగ్ ప్రోగ్రాముకూ మధ్య నడవవు.

గెర్‌హార్డ్స్ ఎత్తిచూపిన ఈ లోపానికి సిద్ధాంత రూపం అంతకు పాతికేళ్ల ముందే ఉంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ రీడ్, డేవిడ్ క్లార్క్ 1981లో ఒక సదస్సులో చదివి, 1984లో పత్రికలో ప్రచురించిన కొస నుంచి కొసకు వాదం ప్రకారం, ఏదైనా హామీ పూర్తిగా నెరవేరిందో లేదో తేల్చగలిగేది దాన్ని వాడుకునే రెండు కొసల ప్రోగ్రాములే. మధ్యలోని పొరలు ఎంత శ్రమించినా అది వేగం పెంచడానికి పనికివస్తుంది తప్ప కొసల తనిఖీ అవసరాన్ని తీసివేయదు. దీనికి వారు తమ సంస్థలోనే జరిగిన ఒక ఉదాహరణ ఇచ్చారు. అక్కడి నెట్‌వర్క్‌లో ప్రతి మజిలీ దగ్గరా ప్యాకెట్ చెడిందో లేదో లెక్కచూసే ఏర్పాటు ఉంది. దాన్ని నమ్మి ప్రోగ్రామర్లు వేరే తనిఖీ పెట్టుకోలేదు. అయితే మధ్యలో ఉన్న ఒక గేట్‌వే యంత్రం, ఒక బఫర్ నుంచి మరొక బఫర్‌కు నకలు తీసేటప్పుడు, సుమారు పది లక్షల బైట్లకొకసారి పక్కపక్కన ఉన్న రెండు బైట్లను తారుమారు చేసేది. తీగ మీద ప్రయాణించే దశలన్నిటిలో లెక్క సరిపోయేది, యంత్రం కడుపులో జరిగిన తప్పును మాత్రం ఆ లెక్క చూడలేదు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన మూల ప్రోగ్రాము ఫైళ్లు ఆ దారిలో పలుమార్లు వెళ్లి చెడిపోగా, వాటి యజమానులు పాత అచ్చు కాగితాలను పక్కన పెట్టుకుని కంటితో పోల్చి దిద్దుకోవలసి వచ్చింది.

ఈ వాదాన్ని ఒప్పుకుంటే తరువాతి అడుగు తేలికగానే తోస్తుంది: సిస్‌లాగ్ ప్రోగ్రాముల మధ్యనే రసీదులు పెట్టాలి. గెర్‌హార్డ్స్ రెల్ప్ అనే పేరుతో చేసినది అదే. ఇందులో పంపే ప్రతి సందేశానికీ ఒక వ్యవహార సంఖ్య ఉంటుంది. అవతలి సిస్‌లాగ్ ప్రోగ్రాము ఆ సంఖ్య పేరు చెప్పి అందిందని జవాబిచ్చేవరకు ఇవతలివారు ఆ సందేశాన్ని పారవేయరు. ఒక్కొక్క రసీదు కోసం నిలబడితే వేగం పడిపోతుంది కనుక, రసీదు రాని సందేశాలు ఒక పరిమితి మేరకు దారిలో ఉండవచ్చునని అనుమతిస్తారు. కనెక్షన్ తెగితే మళ్లీ కలుపుకుని రసీదు రానివన్నిటినీ తిరిగి పంపుతారు.

ఇక్కడ సందేశం పోవడం తగ్గుతుంది, దానికి బదులుగా మరొకటి వస్తుంది. అవతలివారు సందేశాన్ని అందుకుని పుస్తకంలో రాసుకుని, రసీదు పంపే క్షణంలో కనెక్షన్ తెగిందనుకుంటే, ఇవతలివారికి రసీదు అందదు కనుక అదే సందేశాన్ని మళ్లీ పంపుతారు, పుస్తకంలో అది రెండుసార్లు పడుతుంది. రసీదుకు రసీదు పెడితే సరిపోదా అన్న ప్రశ్నకు జవాబు 1975లో అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ రాసిన పత్రంలో ఉంది. మొదట దొంగల ముఠాల కథగా చెప్పిన ఆ చిక్కును 1978లో జిమ్ గ్రే ఇద్దరు సేనానుల సమస్యగా పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. కొండకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు సేనానులు ఒకే వేళకు దాడి చేస్తేనే గెలుస్తారు, వారి మధ్య నడిచే వార్తాహరుడు దారిలో పట్టుబడవచ్చు. ఇద్దరికీ సందేహం లేకుండా ఒప్పందం కుదిర్చే వార్తల వరుస ఏదైనా ఉంటే, అలాంటివాటిలో అతి పొట్టిదాన్ని తీసుకోవాలి. అందులోని చివరి వార్త కూడా దారిలో పోవచ్చు కనుక, అది లేకపోయినా ఒప్పందం నిలవాలి. అలాగైతే అంతకన్నా పొట్టి వరుసే సరిపోయేది. అంటే అటువంటి వరుస అసలు లేదు. సందేశాలు పోగల దారిలో ఎన్ని రసీదులు ఇచ్చిపుచ్చుకున్నా ఒక కొస చివరి మాట విషయంలో చీకటిలో ఉండక తప్పదు.

కాబట్టి నిర్మాణకర్త ముందు ఉన్నవి రెండే: ఒక్కసారికి మించి పంపకుండా ఊరుకుని కొన్ని పోవడానికి ఒప్పుకోవడం, లేదా అందేదాకా పంపి కొన్ని రెండుసార్లు పడడానికి ఒప్పుకోవడం. సరిగ్గా ఒక్కసారే అందిస్తామని ప్రచారం చేసుకునే వ్యవస్థలు కూడా నిజానికి రెండవదాన్నే ఎంచుకుని, అందుకునేవైపు గత సందేశాల సంఖ్యలను గుర్తుంచుకుని నకళ్లను ఏరివేస్తాయి. ఆ గుర్తు జ్ఞాపకంలోనే ఉంటే యంత్రం ఆగినప్పుడు పోతుంది, డిస్కు మీద ఉంచితే ప్రతి సందేశానికీ డిస్కు రాత తోడవుతుంది. బ్యాంకు ఖాతాలో సొమ్ము జమచేసే సందేశానికి ఇంత శ్రమ తగినదే. డిస్కు 90 శాతం నిండిందని చెప్పే సందేశం రెండుసార్లు కనిపిస్తే ఎవరికీ నష్టం లేదు, అందువల్ల రెల్ప్ ఈ ఏరివేత జోలికి పోకపోవడం లోపం కాదు, వివేకం.

అందిందని చెప్పే రసీదుకు కూడా అర్థం ఎంతవరకన్నది విడిగా అడగాలి. అవతలి సిస్‌లాగ్ ప్రోగ్రాము సందేశాన్ని తన జ్ఞాపకంలోని వరుసలో చేర్చుకోగానే రసీదు ఇస్తే, ఆ మరుక్షణం దాని విద్యుత్తు పోతే సందేశం పోయినట్టే. డిస్కు మీద రాసిన తరువాతనే రసీదు ఇవ్వాలంటే రాత నిజంగా పూర్తయిందా అని డిస్కును ప్రతిసారీ అడిగి ఆగాలి. వెనకటి సిస్‌లాగ్ ప్రోగ్రాము సరిగ్గా ఇలాగే ప్రతి వరుసకూ డిస్కు రాత పూర్తయ్యేదాకా వేచి ఉండేది, వేగం చాలక నిర్వాహకులు అమరికల ఫైలులో ఆ లాగ్ ఫైలు పేరుకు ముందు ఒక అడ్డగీత పెట్టి ఆ వేచి ఉండడాన్ని తొలగించేవారు. డిస్కు రాత పూర్తయిందన్న మాటయినా పూర్తిగా నమ్మదగినదా అంటే, 2018లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసు నిర్మాతలు అది కాదని కనుగొన్నారు: రాత విఫలమైనప్పుడు లినక్స్ కెర్నెల్ ఆ సంగతిని ఒక్కసారి చెప్పి మరచిపోతుంది, మరోసారి అడిగితే అంతా బాగుందంటుంది. ఆ తరువాత వచ్చిన వారి విడుదలల్లో అటువంటి వైఫల్యం కనబడితే డేటాబేసు తనంతట తాను ఆగిపోయేలా మార్చారు.

ఇంతవరకు చెప్పినవన్నీ సందేశం గురించిన చిక్కులు. విశ్వసనీయత తెచ్చే పెద్ద ప్రమాదం సందేశానికి కాదు, దాన్ని పంపే యంత్రానికి. యూడీపీలో పంపేవాడు ఆగడని పైన అనుకున్నాం. నమ్మకంగా పంపేవాడు ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. కేంద్ర సర్వరు పలకనప్పుడు సందేశాలు ఇవతలి సిస్‌లాగ్ ప్రోగ్రాము వరుసలో పేరుకుంటాయి. జ్ఞాపకంలోని వరుస నిండితే డిస్కు మీదికి పొర్లుతాయి. డిస్కు మీద ఇచ్చిన చోటు కూడా నిండిన తరువాత రెండే దారులు మిగులుతాయి, పారవేయడం లేదా కొత్తవాటిని తీసుకోకుండా నిలబడడం. ఒక్క సందేశమూ పోకూడదని శపథం పట్టిన నిర్వాహకుడు రెండవ దారి ఎంచుకుంటాడు. అప్పుడు ఏమవుతుందో చూడాలి. లినక్స్‌లో ప్రోగ్రాములు తమ సందేశాలను యంత్రం లోపలి ఒక స్థానిక సాకెట్ ద్వారా సిస్‌లాగ్‌కు అందిస్తాయి. ఆ సాకెట్ దగ్గర నిరీక్షించే సందేశాలకు కెర్నెల్ మామూలు అమరికలో చోటు కేవలం 10, నేటి లినక్స్ పంపిణీలలో ప్రారంభ పనులు చూసే సిస్టమ్‌డీ దాన్ని 512కు పెంచుతుంది. సిస్‌లాగ్ తీసుకోవడం మానితే ఆ కొద్ది చోటు క్షణాల్లో నిండుతుంది, ఆపైన సందేశం రాయబోయిన ప్రతి ప్రోగ్రామూ రాయడం దగ్గరే నిలిచిపోతుంది. దూరం నుంచి లాగిన్ కావడానికి తోడ్పడే ఎస్ఎస్‌హెచ్ సేవ కూడా ఎవరు వచ్చారో రాసిన తరువాతనే లోపలికి పంపుతుంది కనుక, యంత్రాన్ని సరిదిద్దడానికి వచ్చిన నిర్వాహకుడే గుమ్మం బయట నిలబడిపోతాడు. ఎక్కడో ఉన్న లాగ్ సర్వరు చెడితే ఇక్కడి ఈమెయిలు, డేటాబేసు, లాగిన్ అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగుతాయి.

2009 మార్చిలో గెర్‌హార్డ్స్ రచనగానే వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5424, సిస్‌లాగ్‌కు నిజమైన ప్రమాణ పత్రం, ఈ ప్రమాదాన్ని దాచలేదు. నమ్మకమైన చేరవేత వల్ల యంత్రం తాత్కాలికంగానో శాశ్వతంగానో స్తంభించవచ్చునని అది భద్రతకు సంబంధించిన అధ్యాయంలో హెచ్చరించి, పీటముడి పడే పరిస్థితిని కూడా పేర్కొంది. పీటముడి ఎలా పడుతుందంటే, సిస్‌లాగ్ ప్రోగ్రాము ఒక యంత్రం పేరు తెలుసుకోవడానికి డీఎన్ఎస్ సేవను, అంటే పేర్లను చిరునామాలుగా మార్చే సేవను అడుగుతుంది. ఆ డీఎన్ఎస్ సేవ అదే యంత్రంలో ఉంటూ, వచ్చిన ప్రశ్నను గురించి ఒక లాగ్ సందేశం రాయబోతుంది. సిస్‌లాగ్ తీసుకుంటే గాని అది కదలదు, అది కదిలితే గాని సిస్‌లాగ్ కదలదు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ అలాగే ఉండిపోతారు. దీనికి పత్రం చెప్పిన ఉపాయం ఏమిటంటే, ఆగవలసిన పరిస్థితి వస్తే సందేశాన్ని తెలిసి పారవేయాలి. అలా అయితే నమ్మకమైన పద్ధతి తెచ్చుకుని ప్రయోజనమేమిటన్న ఆక్షేపణకు జవాబు కూడా అక్కడే ఉంది: యూడీపీలో పోయిన సందేశం ఎవరికీ తెలియకుండా పోతుంది, ఇక్కడ పంపేవాడికి తెలిసి పోతుంది, తెలిసినదాన్ని సంబంధితులకు చెప్పవచ్చు. సిస్‌లాగ్ చరిత్ర మొత్తంలో దీనికన్నా పనికొచ్చే మాట మరొకటి లేదనవచ్చు. పోవడానికీ పోకపోవడానికీ మధ్య ఉన్న తేడా కన్నా, చెప్పకుండా పోవడానికీ లెక్క చెప్పి పోవడానికీ మధ్య ఉన్న తేడా నిర్వాహకుడికి ఎక్కువ ఉపకరిస్తుంది, పైగా దానికి కావలసిన అదనపు ప్రోగ్రాము ఒక లెక్కింపు అంకె పెట్టుకునేంత మాత్రమే.

2011లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ ప్రకటించిన జర్నల్‌డీ అనే లాగ్ సేవ మీద ఆక్షేపణలు ఎన్ని ఉన్నా, ఈ విషయంలో అది సరైన దారే పట్టింది. ఒక సేవ 30 సెకన్లలో 10,000కు పైగా సందేశాలు కుమ్మరిస్తే (డిస్కులో ఉన్న ఖాళీని బట్టి ఈ హద్దు మారుతుంది) మిగిలినవాటిని ఆపివేసి, ఇన్ని సందేశాలను అణచివేశామని ఒక వాక్యం రాసిపెడుతుంది. పక్కనున్న సిస్‌లాగ్ ప్రోగ్రాముకు సందేశాలను అందించేటప్పుడు కూడా దాని కోసం ఆగదు. అది అందుకోలేకపోతే ఎన్ని తప్పిపోయాయో లెక్క పెట్టి చెబుతుంది.

కెర్నెల్ తన సొంత సందేశాలను రాసుకునే ప్రింట్‌కే అనే భాగంలో ఇదే ప్రశ్న మరింత పదునుగా ఎదురవుతుంది, ఎందుకంటే కెర్నెల్ చనిపోతూ చెప్పే చివరి మాటే అందరికీ కావలసినది. ఈ సందేశాలు వలయాకారపు బఫర్‌లో, మామూలు అమరికలో 128 కిలోబైట్ల చోటులో, చేరతాయి; నిండితే పాతవాటి మీద కొత్తవి పడతాయి. అయితే ప్రతి సందేశానికీ క్రమసంఖ్య ఉంటుంది, చదివే ప్రోగ్రాము వెనకబడి కొన్ని చెరిగిపోతే తరువాతి చదువులో కెర్నెల్ ఆ సంగతిని ఒక తప్పు సంకేతంతో తెలియజేస్తుంది. ఇక ఆ సందేశాన్ని వెంటనే సీరియల్ తీగ మీద బయటికి పంపాలంటే కాలం ఖర్చవుతుంది: సెకనుకు 1,15,200 బిట్ల వేగంలో ఒక అక్షరానికి 10 బిట్ల చొప్పున 80 అక్షరాల వరుసకు సుమారు 7 మిల్లీసెకన్లు పడుతుంది, 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరుకు అది దాదాపు రెండు కోట్ల గడియార చక్రాల కాలం. సందేశం తప్పకుండా బయటపడాలంటే అంతసేపూ ప్రాసెసరు వేచి ఉండాలి. వేచి ఉండకపోతే ఆలోగా యంత్రం పడిపోయి సందేశం లోపలే ఉండిపోవచ్చు. నిర్ణీత గడువులోగా స్పందించి తీరవలసిన యంత్రాల కోసం లినక్స్‌ను మలిచే ప్రీఎంప్ట్-ఆర్‌టీ మార్పులు ఇరవై ఏళ్ల శ్రమ తరువాత గాని ప్రధాన కెర్నెల్‌లో పూర్తిగా చేరకపోవడానికి చివరి అడ్డంకులలో ఒకటి ఈ ప్రింట్‌కేయే. జాన్ ఓగ్‌నెస్ ముందుగా తాళాలు వేసుకోనక్కరలేని కొత్త వలయ బఫర్ రాశాడు, అది 2020 డిసెంబరులో విడుదలైన 5.10 కెర్నెల్‌లో చేరింది. తరువాత మామూలు వేళలో సందేశాలను తీరిక మీద పంపుతూ, యంత్రం కూలే వేళలో మాత్రం మర్యాదలన్నీ పక్కనబెట్టి తీగను లాక్కుని పంపే ఏర్పాటు చేశాడు. ప్రీఎంప్ట్-ఆర్‌టీ 2024 నవంబరు నాటి 6.12 కెర్నెల్‌లో స్థానం పొందింది. ఇక్కడ పెరిగిన సంక్లిష్టత చిన్నది కాదు గాని, దాన్ని మోయడానికి తగిన కారణం ఉంది. మరో వంక నెట్‌కన్సోల్ అనే కెర్నెల్ భాగం కూలిపోతున్న యంత్రపు చివరి మాటలను నెట్‌వర్క్ మీద పంపడానికి ఇప్పటికీ యూడీపీనే వాడుతుంది. కూలుతున్న యంత్రం కనెక్షన్‌ను కాపాడుకుంటూ రసీదుల కోసం చూడలేదు కనుక, అక్కడ నమ్మకం తక్కువ పద్ధతే నమ్మదగినది.

భారతదేశంలో కంప్యూటరు భద్రతా ఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ కంప్యూటరు వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. హైదరాబాదు డేటా సెంటర్లయినా, విజయవాడలోని ప్రభుత్వ సర్వర్లయినా ఈ లెక్కలోకి వస్తాయి. ఉంచవలసిన కాలం తేలింది గాని, ఏ సందేశం కోసం యంత్రాన్ని ఆపవచ్చు, ఏ సందేశాన్ని లెక్క చెప్పి వదిలివేయవచ్చు అన్నది ప్రతి సంస్థా తానే తేల్చుకోవాలి. లినక్స్‌లోని ఆడిట్ విభాగం, అంటే భద్రతా దృష్టితో ఎవరు ఏ ఫైలు తాకారో రాసే విభాగం, ఈ నిర్ణయాన్ని ఒక్క అంకెకు కుదించింది. సందేశం రాయడం కుదరనప్పుడు 0 అయితే మౌనంగా ఊరుకుంటుంది, 1 అయితే ప్రింట్‌కే ద్వారా ఆ సంగతి చెప్పి ముందుకు పోతుంది, 2 అయితే సాక్ష్యం లేకుండా నడవడం కన్నా ఆగడమే మేలని యంత్రాన్ని అక్కడికక్కడే కూలుస్తుంది. విండోస్‌లో కూడా ఇటువంటి ఏర్పాటు ఉంది. రక్షణ, ఆర్థిక లావాదేవీల వంటి చోట్ల 2 న్యాయమే. ఆసుపత్రిలో రోగుల వివరాలు చూపే సర్వరులో అదే అంకె పెట్టడం ప్రమాదం. కెర్నెల్ నిర్మాతలు ముందుగా ఉంచిన విలువ 1. ఆడిట్‌సీటీఎల్ ఆదేశానికి స్థితి చూపమని చెబితే, ఇంతవరకు పోయిన సందేశాల సంఖ్య ఒక వరుసలో కనిపిస్తుంది. రెల్ప్ పెట్టాలా వద్దా అని చర్చించే ముందు నిర్వాహకులు చూడవలసినది ఆ సంఖ్యనే.